మోచేతికి పన్నెండు పూటలు

రోజు 1. మిగిలిన దిమ్మెలు 64. చెయ్యి లెక్క 5.

ఈ రోజు మూడో మోచెయ్యి బిగించాం. ఇదే ఆఖరిది.

మా రూటర్ యంత్రం పైనుంచి కిందికి మాత్రమే తొలుస్తుంది. చెక్క దిమ్మె పక్కలకి బెజ్జాలు వెయ్యాలంటే దాని కొసకి ఇంకో తల తగిలించాలి. పైనుంచి వచ్చే తిరుగుడుని ఆ తల లోపలి పళ్లచక్రాలు పక్కకి మళ్లిస్తాయి. కేటలాగులో దాని పేరు యాగ్రిగేట్ హెడ్. నీళ్ల మీద తేలే మా తెప్పలపాడులో అందరూ మోచెయ్యి అంటారు. పన్నెండేళ్ల కింద గట్టు మీది యూనివర్సిటీలో మెషిన్ డిజైన్ చదివి ఇక్కడికి వచ్చినప్పుడు నేను ఆ పేరుకి నవ్వాను. ఇప్పుడు రిపోర్టుల్లో నేనూ అదే రాస్తున్నాను.

మొదటి మోచెయ్యి తొమ్మిదేళ్లు పనిచేసి ఆరు వారాల కింద పోయింది. రెండోది ఆరే వారాలు పనిచేసి నిన్న పోయింది. రెండింటికీ ఒకటే జబ్బు. కాగడం, ఇంకా కాగడం, చివరికి కీచుమని బిగుసుకుపోవడం. వీటిని చేసే కార్ఖానా మూతపడి పదకొండేళ్లయింది. నాలుగోది ఎక్కడా లేదు.

పదహారో రోజున పెద్ద పున్నమి పోటు. ఆ లోపల బయటి వరసలోని నలభై ఒక్క ఇళ్ల తెప్పల్ని ఒకదానికొకటి కీలు దిమ్మెలతో కలపాలి. మొత్తం అరవై నాలుగు దిమ్మెలు, ఒక్కోదానికి పక్కల ఎనిమిదేసి బెజ్జాలు.

"అవ్వకపోతే బయటి వరస విప్పేస్తామమ్మా," అన్నారు తెప్పల సంఘం పెద్ద భూషణం గారు. "తాళ్లు ఈ పోటుకి ఆగవు. ఆ వరస తెగి వచ్చి లోపలి వరసల మీద పడితే ఊరే ఉండదు."

విప్పిన ఇళ్లని గట్టు మీది శిబిరానికి లాక్కెళ్తారు. నాలుగేళ్ల కింద ఉత్తరపు వరసని అలాగే లాక్కెళ్లారు. ఆ ఇళ్లలో ఒక్కటీ వెనక్కి రాలేదు.

కొత్త మోచేతిని బిగించగానే పనిలో పెట్టకూడదు. ఉత్తినే, మెల్లగా, దశలవారీగా వేగం పెంచుతూ ఒక పూట తిప్పాలి. లోపల గ్రీజు అంతటా సర్దుకోవాలి, బేరింగులు కుదురుకోవాలి. ఆ మాట చెప్తే భూషణం గారు గోడ గడియారం వంక చూశారు.

"పూటంతా ఉత్తినే తిప్పుతారా? నలభై ఒక్క ఇళ్లమ్మా!"

"అందుకే తిప్పుతున్నానండి," అన్నాను. ఇలాంటి విషయాల్లో నాకు సందేహం ఉండదు.

సాయంత్రం నూకరత్నం వచ్చి దాని ఒంటి మీద అరచెయ్యి ఆనించి లెక్కపెట్టింది. ఇరవై ఏళ్లుగా యంత్రం మీద ఉన్న మనిషి. ఆమెది బయటి వరసలో నలభై ఒకటో ఇల్లు, అంటే చిట్టచివరిది. అయిదు దాకా చెయ్యి ఉంచగలిగితే మోచెయ్యి క్షేమం. నాలుగైతే గమనించాలి. మూడైతే ఆపాలి. థర్మామీటరు పాడైపోయిన రోజుల్లో ఆమె పెట్టిన లెక్క ఇది. మీటరు వచ్చాక కూడా పోలేదు.

"అయిదండి. సంటిపిల్లలా ఉంది," అంది.

రోజు 2. మిగిలిన దిమ్మెలు 58. చెయ్యి లెక్క 5.

ఆరు దిమ్మెలు అయ్యాయి. ఒక్కోదాన్ని అన్ని పక్కలా చెక్కి తొలవడానికి నాలుగు గంటలు పడుతుంది. ఇదే వేగమైతే పన్నెండో రోజుకే పూర్తి.

ఉప్పు బ్యాటరీ లేకపోతే ఇది కుదిరేది కాదు. రెండు నెలల కింద దాకా మాకు నీరు కదిలినప్పుడే కరెంటు. పోటుకి నీటి చక్రాలు ఒక వైపు తిరిగేవి, పాటుకి రెండో వైపు. మధ్యలో నీరు నిలిచిపోయిన గంటసేపు యంత్రమూ నిలిచిపోయేది. రోజుకి నాలుగుసార్లు ఊరు ఊరంతా చేతులు కట్టుకుని కూర్చునేది. ఆ గంటల్ని చూసి నాకు ప్రాణం ఉసూరుమనేది. బ్యాటరీ కోసం మూడేళ్లు గట్టు మీది ఆఫీసుల చుట్టూ తిరిగినదాన్ని నేనే. ఇప్పుడు రూటర్ ఆగకుండా తిరుగుతుంది. పోటుకొకటీ పాటుకొకటీ ఉండే నాలుగు వంతుల బదులు రెండేసి గంటల పన్నెండు వంతులు పెట్టాం.

వంతు మారేటప్పుడు వర్క్‌షాపులో ఉండటం నాకిష్టం. కొత్తగా ఎక్కే మనిషి చేతులు కడుక్కుంటాడు. గ్రీజు గన్ను తీసుకుని మోచేతి పక్కనున్న మూతికి ఆనించి ఒక్క నొక్కు నొక్కుతాడు. తన పేరు చెప్తాడు. పలక మీద గీత గీస్తాడు. దీన్ని పాలు పట్టడం అంటారు. గోడ మీద నల్ల పెయింటుతో పెద్ద అక్షరాల్లో ఉంటుంది: వంతు మొదట ఒక నొక్కు.

ఆ వాక్యం నాదే. తొమ్మిదేళ్ల కింద రాశాను. అప్పట్లో ఒకళ్లు పెట్టారనుకుని ఇంకొకళ్లు మానేసేవాళ్లు. నియమం పెడితే అది ఆచారం అయింది. ఈ రోజు భూషణం గారు కూడా వచ్చి, వంతు లేకపోయినా, "నా తరఫున కూడా ఒకటమ్మా," అని ఒక నొక్కు నొక్కి దణ్ణం పెట్టుకుని వెళ్లారు. ఎవరూ నవ్వలేదు.

రోజు 4. మిగిలిన దిమ్మెలు 46. చెయ్యి లెక్క 4.

మీటరు యాభై ఎనిమిది డిగ్రీలు చూపిస్తోంది. హద్దు డెబ్బై. ఇంకా చోటుంది.

అనుమానాలన్నీ వరసగా చూశాను. తొలిచే బిట్లు మొద్దుబారితే ఒత్తిడి పెరిగి వేడెక్కుతుంది. రెండు బిట్లు మార్చాను. గాలి గొట్టంతో చెక్క పొట్టు ఊదేటప్పుడు ఇంకో వంతు మనిషి ఏసుపాదం సరిగ్గా గ్రీజుని లోపల ఆపే రబ్బరు సీలు మీదికే ఊదుతున్నాడు. అలా ఊదితే పొట్టు బయటికి పోవడానికి బదులు లోపలికి దూరుతుంది.

"పక్క నుంచి ఊదు, ఏసుపాదం. బ్రష్షుతో దులిపితే ఇంకా మంచిది."

"మేడం గారండి, బ్రష్షుతో దులిపితే మా ఆవిడ ఇల్లు ఊడ్చినట్టుంటదండి."

"మంచిదేగా, ఆవిడ దగ్గరే నేర్చుకో."

వేగం కూడా పదో వంతు తగ్గించాను. లెక్క మారలేదు.

నూకరత్నం తన వంతు దిగుతూ నా బల్ల దగ్గర ఆగింది. "ఇంజినీరమ్మ గారూ, దాని ఊపిరి బాలేదండి."

"అంటే?"

"ఆకలితో ఏడ్సే పిల్ల ఏడుపు ఒకలా ఉంటదండి. పొట్ట ఉబ్బి ఏడ్సేది ఇంకోలా ఉంటది. ఇది రెండోదండి."

డైరీలో రాసుకున్నాను: శబ్దంలో మార్పు, ఆపరేటరు అభిప్రాయం. ఇప్పుడా వాక్యం చూస్తుంటే బాగానే ఉంది. దాని పక్కన నేను ఏమీ చెయ్యలేదన్నదే బాగాలేదు.

రోజు 5. మిగిలిన దిమ్మెలు 40. చెయ్యి లెక్క 3.

అరవై ఆరు డిగ్రీలు. పొద్దున మోచేతి అడుగు అంచు నుంచి గ్రీజు కారడం కనబడింది. పల్చగా, నల్లగా, తేనెలా సాగుతోంది.

సీలు వదులైంది. కారిపోతున్నంత గ్రీజు లోపల తగ్గుతుంది కాబట్టి రాపిడి, రాపిడి వల్ల వేడి. చదువుకున్న బుర్రకి ఇంతకంటే తిన్నని లెక్క ఏముంటుంది? సీలు మార్చడానికి కొత్తది లేదు. కాబట్టి కారినదాన్ని నింపాలి. పలక మీద సుద్దతో రాశాను: ఈ రోజు నుంచి వంతుకి రెండు నొక్కులు.

మధ్యాహ్నానికి అరవై తొమ్మిది.

నా మీద నాకు నమ్మకం తగ్గిన రోజుల్లోనే నేను నియమాలు ఎక్కువ రాస్తానేమో.

రోజు 6. మిగిలిన దిమ్మెలు 36. చెయ్యి లెక్క 2.

నాలుగే అయ్యాయి. మోచెయ్యి కాగినప్పుడల్లా ఆపి, ముట్టుకోగలిగేదాకా విసనకర్రలతో విసురుతున్నాం.

రాత్రి పదిన్నరకి భూషణం గారు వంతుల పలక పట్టుకుని నా గదిలోకి వచ్చారు. పాపం ఆయన మూడు రోజులుగా నిద్రపోయినట్టు లేరు. బయటి వరస వాళ్లు రోజూ ఆయన గుమ్మం ముందు నిలబడుతున్నారు.

"ఇది చూడమ్మా. అందరికీ గీతలున్నాయి. నిన్నా ఇవాళా నూకరత్నం వంతుకి లేవు. ముందు పోయిన రెండూ ఎవరి చేతిలో పోయాయి? ఆవిడ చేతిలోనే."

పిలిపించాను. ఆమె కొంగుకి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"పాలు పట్టలేదా, రత్నమ్మా?"

"లేదండి."

"మరిచిపోయావా?"

"లేదండి. ఎందుకు మరిచిపోతాను? కక్కుతున్న పిల్లకి పాలెందుకండి? ఆగితే సర్దుకుంటదేమో అని."

"రెండు నొక్కులని రాసింది ఇంజినీరు గారు," అన్నారు భూషణం గారు. "నువ్వు చదివావా ఆ చదువు?"

"నేను గోడ మీదిదే సదివానండి. ఇరవై ఏళ్లు అదే సదువు." ఆమె నా వైపు చూసింది. ఆయన వైపు కాదు. "మీరు సెప్పండి. మీరు తప్పంటే తప్పే."

వంతుల పలక ఇంకోసారి చూశాను. రెండు మోచేతులు, రెండుసార్లూ ఆమె వంతు. కాగితం మీద ఆ లెక్క గట్టిగానే కనబడింది. ఆమె వంతు పగటి వంతులన్నిటికీ చివరిదన్న సంగతీ, అప్పటికి పగటి ఎండ కూడా తోడై మోచెయ్యి బాగా కాగి ఉంటుందన్న సంగతీ నాకు తెలుసు. తెలిసినా ఆ నిమిషాన గుర్తుకు రాలేదు. లేక, గుర్తుకు తెచ్చుకోవాలనిపించలేదేమో.

"పోటు అయ్యేదాకా నువ్వు యంత్రం ఎక్కకు," అన్నాను. కాగితం మీద ఒక ముక్క రాసి సంతకం పెట్టాను: నిర్ణీత కందెన వెయ్యకపోవడం వల్ల.

ఆమె ఆ కాగితాన్ని రెండు మడతలు పెట్టి జాకెట్లో పెట్టుకుంది. "ఆయ్," అంది. అంతే.

రోజు 7. మిగిలిన దిమ్మెలు 32. చెయ్యి లెక్క 2.

నూకరత్నం లేదు. ఆమె వంతులో ఏసుపాదం ఎక్కాడు. ప్రతి వంతుకీ రెండేసి నొక్కులు, పేర్లు, గీతలు, ఒక్కటీ తప్పలేదు. డెబ్బై ఒకటి.

ఈ లెక్కన మోచెయ్యి ఇంకో మూడు రోజులుంటుంది. దిమ్మెలు పన్నెండవుతాయి. ఇరవై మిగులుతాయి. బయటి వరసలో సామాన్లు మూటలు కడుతున్నారని ఏసుపాదం చెప్పాడు. 

ఆమెని తప్పిస్తే వేడి తగ్గాలి కదా. తగ్గలేదు. మరి నేను రాసిన కాగితం మాటేమిటి?

రోజు 8. మిగిలిన దిమ్మెలు 32.

దిమ్మెలు ఒక్కటీ చెయ్యలేదు. పొద్దున్నే యంత్రం ఆపించాను. భూషణం గారు పరిగెత్తుకొచ్చేలోపల మొదట పోయిన మోచేతిని బల్ల మీద పెట్టి మరలు విప్పాను. పోయిన రోజే విప్పాల్సింది. బాగుచెయ్యలేనిది విప్పి ఏం లాభమనుకున్నాను.

మూత తీశాను.

రాపిడి వల్ల పోయిన తల లోపల ఎండి, గోకినట్టు ఉండాలి. ఇందులో గ్రీజు అంచు దాకా ఉంది. కూరి కూరి పెట్టినట్టు, గాలి దూరే సందు లేకుండా. ఎక్కువసేపు కాగి కాగి నల్లబడింది. సీలు దాటి బయటికి వచ్చిన చోట పొట్టు అంటుకుని ఉప్పుకాగితంలా అయింది. అదే వెనక్కి లోపలికి పోయి పళ్లని తినేసింది.

పళ్లచక్రాలు తిరగడానికి చోటుండాలి. పలచని పొర చాలు. నిండా కూరితే అవి బురదలో నడిచినట్టు నడుస్తాయి. ఆ పిసుకుడుకే వేడి పుడుతుంది. వేడికి గ్రీజు పలచబడి కారుతుంది. కారిందని చూసి నేను ఇంకా కూరించాను. ఈ సంగతి రెండో సంవత్సరం పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని.

అప్పుడు తలెత్తి గోడ వంక చూశాను. వంతు మొదట ఒక నొక్కు.

ఆ వాక్యం రాసిన రోజున వంతులు నాలుగు. రోజుకి నాలుగు నొక్కులు, మధ్యలో నీరు నిలిచిన నాలుగు గంటల విశ్రాంతి. అందుకే తొమ్మిదేళ్లు నిలిచింది. బ్యాటరీ తెచ్చి వంతుల్ని పన్నెండు చేసింది నేను. విశ్రాంతి తీసేసింది నేను. వాక్యాన్ని మాత్రం ఒక్కసారి కూడా తిరిగి చదవలేదు. నాలుగు నొక్కులు పన్నెండయ్యాయి, మూడు రోజుల నుంచి ఇరవై నాలుగు. పైగా భూషణం గారి దణ్ణం.

ఇరవై నాలుగు పూటలు పెట్టిన నేను, రెండు రోజులు మానిన మనిషిని ఇంటికి పంపాను.

భూషణం గారు వచ్చి నిలబడ్డారు. "ఏమైందమ్మా?"

"తప్పెవరిదో తెలిసిందండి."

"ఎవరిది?"

గోడ చూపించాను. ఆయన చదివారు, నన్ను చూశారు, మళ్లీ చదివారు. "అది నువ్వు రాసిందే కదమ్మా," అన్నారు మెల్లగా.

మిగతా రోజంతా మూడో మోచేతి అడుగున మరచీల తీసి, మెల్లగా తిప్పుతూ, ఎక్కువైన గ్రీజు దానంతటదే బయటికి వచ్చేదాకా కూర్చున్నాను. చిన్న గిన్నెడు వచ్చింది. బేరింగులకి చెవి ఆనించి విన్నాను. చప్పుడు నునుపుగానే ఉంది. ఇంకా బతికే ఉంది. ఎనిమిది రోజులు, ముప్పై రెండు దిమ్మెలు. రోజుకి నాలుగు. నీరు నిలిచినప్పుడల్లా గంటసేపు ఆపి, దిమ్మె దిమ్మెకీ మధ్య పది నిమిషాలు ఆపి చేసినా సరిగ్గా నాలుగవుతాయి. ఒక్కటి కూడా ఎక్కువ కాదు, తక్కువకి వీల్లేదు.

ఇది చెయ్యగలం. దీంట్లో నాకు సందేహం లేదు.

రోజు 9. మిగిలిన దిమ్మెలు 28. చెయ్యి లెక్క 4.

పొద్దున్నే చిన్న పడవ వేసుకుని నలభై ఒకటో ఇంటికి వెళ్లాను. నూకరత్నం గుమ్మంలో కూర్చుని గిన్నెలు గోనెసంచిలో సర్దుతోంది. నన్ను చూసి లేవలేదు.

"ఇంకో కాగితం తెచ్చారేటండి?"

"లేదు, రత్నమ్మా. నోటితో చెప్పడానికొచ్చాను. తప్పు నాది."

జరిగిందంతా చెప్పాను. మధ్యలో గిన్నెలు సర్దడం ఆపింది. వంతుల లెక్క చెప్పినప్పుడు వేళ్లతో లెక్కపెట్టుకుంది.

"నాలుగు పూటలు తినే పిల్లకి పన్నెండు పూటలా అండి!" అంది. "మళ్లీ దానికి రెట్టింపు! అదేం కడుపండి, సెరువా?"

"నువ్వు చెప్పావు. నేను వినలేదు."

"విన్నారండి. రాసుకున్నారు కూడా. నేను సూశాను." ఆమె నవ్వలేదు. "రాసుకుంటే విన్నట్టే అనుకుంటారు సదువుకున్నోళ్లు."

ఆమె జాకెట్లోంచి మడత కాగితం తీసి నా చేతిలో పెట్టింది.

"ఇది ఇక్కడ సింపితే నాకూ మీకూ మాత్రమే తెలుస్తది. అక్కడ, వంతు మారేటప్పుడు, అందరి ముందూ సింపండి. అప్పుడొస్తాను."

పదింటికి దిగే వంతూ ఎక్కే వంతూ కలిసిన చోట కాగితం చింపాను. నిచ్చెన ఎక్కి గోడ మీది నా అక్షరాల మీద తెల్ల పెయింటు వేశాను.    కిందనుంచి ఏసుపాదం అన్నాడు, "మేడం గారండి, 'వ' ఇంకా కనబడతందండి. దాని మీద కూడా ఒకటెయ్యండి." అప్పుడు అందరూ నవ్వారు, నేను కూడా.

కొత్త నియమం ఏం రాయాలని భూషణం గారు అడిగారు. ఇప్పుడే ఏమీ రాయొద్దన్నాను. గ్రీజు గన్ను నా బీరువాలో పెట్టి తాళం నూకరత్నం చేతికిచ్చాను.

రోజు 12. మిగిలిన దిమ్మెలు 16. చెయ్యి లెక్క 5.

నాలుగూ, నాలుగూ, నాలుగూ. యాభై రెండు డిగ్రీలు దాటలేదు. ఈ నాలుగు రోజుల్లో గన్ను ఒక్కసారే బయటికి వచ్చింది.

కష్టమంతా మనుషులతోనే. పాలు పట్టకుండా యంత్రం ఎక్కడం వాళ్లకి చేతులు కడుక్కోకుండా అన్నం ముందు కూర్చున్నట్టుంది. ఒకామె బొట్టనవేలితో ఉత్తినే మూతిని తాకి పేరు చెప్పి ఎక్కింది. ఆ తరవాత అందరూ అలాగే చేస్తున్నారు. నూకరత్నం ఒప్పుకుంది. "ముట్టుకుంటే అజీర్తి సెయ్యదు," అంది.

నీరు నిలిచిన గంటల్లో మళ్లీ అందరం చేతులు కట్టుకుని కూర్చుంటున్నాం. ఆ గంటని దండగ అనుకున్న మనిషి ఎవరో నాకు బాగా తెలుసు.

రోజు 15. మిగిలిన దిమ్మెలు 4. చెయ్యి లెక్క 5.

గాలి తూర్పుకి తిరిగింది. ముంపు ఊరి పాత ఓవర్‌హెడ్ ట్యాంకు ఇప్పుడు నడుము దాకా నీళ్లలో ఉంది. దాని స్తంభం మీద సంఘం వాళ్లు ఎర్ర గీత గీశారు. రేపు సాయంత్రం నీరు ఆ గీతని తాకేలోపల ఆఖరి దిమ్మె పడకపోతే తాళ్లు కోస్తారు. పడవలు ఇప్పటికే వచ్చి కాచుకుని ఉన్నాయి.

"విశ్రాంతులు మానేస్తే రేపు పొద్దుటికే అయిపోతాయి కదమ్మా?" అన్నారు భూషణం గారు. బతిమాలుతున్నట్టే అడిగారు.

"అవుతాయేమో అండి. మోచెయ్యి పోతే ఎప్పటికీ అవ్వవు."

రోజు 16. మిగిలిన దిమ్మెలు 0.

మూడు గంటలకి ఒక్కటే మిగిలింది. మోచేతి మీద చెయ్యి పెట్టి నూకరత్నం నాలుగు దాకా లెక్కపెట్టి తీసేసింది. అదే సమయానికి బయట నీరు నిలిచింది. పాటు అయిపోయింది, పోటు ఇంకా మొదలు కాలేదు. ఇది విశ్రాంతి గంట.

వర్క్‌షాపు తలుపు దగ్గర బయటి వరస జనం నిలబడ్డారు. వాళ్ల మూటలు వాళ్ల కాళ్ల దగ్గరే ఉన్నాయి. భూషణం గారు నా వైపు చూశారు. చెక్కడం అయిపోయింది, మిగిలింది ఎనిమిది బెజ్జాలు, నలభై నిమిషాల పని. ఇప్పుడే మొదలుపెడితే నీరు కదిలేలోపల దిమ్మె పడిపోతుంది. గంట ఆగితే ఎదురు నీళ్లలో బిగించాలి. నాలుగంటే ప్రమాదం కాదు. నాలుగంటే గమనించాలి, అంతే. ఎనిమిదే బెజ్జాలు, ఆగితేనేం, ఆగకపోతేనేం?

నాకు నిజంగానే తెలియలేదు. నోరు తెరిచాను. ఏం చెప్పబోయానో ఇప్పటికీ గుర్తులేదు.

నూకరత్నం స్విచ్చి కట్టేసింది. పీట లాక్కుని యంత్రం పక్కన కూర్చుంది. మిగిలిన దిమ్మె ఆమె ఇంటిదే. నలభయ్యో తెప్పకీ నలభై ఒకటో తెప్పకీ మధ్య పడాల్సినది.

"కూకోండి, ఇంజినీరమ్మ గారూ," అంది. "నిలబడితే నీరేం తొందరగా కదలదు."

కూర్చున్నాను. భూషణం గారూ కూర్చున్నారు. తలుపు దగ్గర వాళ్లు ఒక్కొక్కరే మూటల మీద కూర్చున్నారు. ఆ గంటలో ఎవరో వేరుశెనగకాయలు పంచారు. నూకరత్నం అరచెయ్యి మూడుసార్లు ఆనించింది. నాలుగు. నాలుగు. అయిదు.

నీరు కదలగానే మొదలుపెట్టాం. ఒక్కో బెజ్జాన్నీ వేళ్ల మీద లెక్కపెట్టాను.  ఎనిమిదోది అయ్యాక నూకరత్నం యంత్రం ఆపి, దిమ్మెని తడిమి, పొట్టు బ్రష్షుతో దులిపింది. ఏసుపాదమూ ఇంకో ముగ్గురూ దాన్ని పడవలోకి మోశారు.

ఎదురు నీళ్లలో బిగించడానికి రెండు గంటలు పట్టింది. ఆఖరి మేకు దిగినప్పుడు నీరు ఎర్ర గీతకి జానెడు కింద ఉంది. సూర్యుడు ఇంకా పూర్తిగా దిగలేదు. లాగుడు పడవల వాళ్లు తాళ్లు చుట్టుకుని గట్టు వైపు తిరిగారు.

మేం నలభై ఒకటో ఇంటి గుమ్మంలో నిలబడి చూశాం. నీరు గీతని తాకింది, దాటింది. బయటి వరస ఒక కొస నుంచి రెండో కొస దాకా అల మీద అలలా లేచింది. దిమ్మె దిమ్మె దగ్గరా వంగింది, ఎక్కడా విడిపోలేదు. చివర మా కాళ్ల కింద కొత్త కీలు గట్టిగా కిర్రుమంది.

భూషణం గారు ఉలిక్కిపడ్డారు. "కిర్రుమంటోందమ్మా! గ్రీజు పెట్టించు, గ్రీజు!"

ఏసుపాదం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నూకరత్నం నా వైపు చూసింది. ఆమె నడుముకి నా బీరువా తాళం వేలాడుతోంది.

నేను మోకాళ్ల మీద కూర్చుని కీలు మీద అరచెయ్యి ఆనించాను. తడిగా, చల్లగా ఉంది. కొత్త చెక్క తన చోటు తాను వెతుక్కుంటోంది.

"పైకే లెక్కపెట్టండి," అంది నూకరత్నం. "అందరికీ వినబడాలి."

లెక్కపెట్టాను. అయిదు దాటినా చెయ్యి తియ్యలేదు.